ఇమేజ్ ఎక్కడ బిల్డ్ చేయాలి, ఎక్కడ దాచాలి: విజయనగరం నుంచి ఒక లెక్క

విజయనగరంలో మా ఆఫీసు అంటే మూడు గదుల అద్దె ఇల్లు, నలుగురు మనుషులు. ఒక చిన్న డిప్లాయ్‌మెంట్ కన్సోల్ తయారుచేసి నడుపుతున్నాం. బ్రౌజర్‌లో లాగిన్ అయితే ఏ కస్టమర్ సర్వర్ మీద ఏ అప్లికేషన్, ఏ వెర్షన్ నడుస్తోందో కనిపిస్తుంది. ఒక బటన్ నొక్కితే కొత్త వెర్షన్ ఎక్కుతుంది. బెడిసికొడితే ఇంకో బటన్‌తో పాతదానికి వెనక్కి రావచ్చు. పోర్టైనర్ లాంటి రెడీమేడ్ కన్సోల్ వాడేవాళ్లయినా, మాలాగా సొంతంగా రాసుకున్నవాళ్లయినా, ఆ బటన్ పనిచేయాలంటే మామూలుగా ముందు కంటైనర్ ఇమేజ్ (అప్లికేషన్, దానికి కావలసిన లైబ్రరీలు కలిపి కట్టిన ప్యాకెట్) బిల్డ్ అయి, ఏదో ఒక రిజిస్ట్రీలో, అంటే ఇమేజ్‌లు దాచే గిడ్డంగిలో చేరి ఉండాలి. సర్వర్ దాన్ని అక్కణ్ణుంచి లాగి నడుపుతుంది.

ఆ ఇమేజ్‌ని ఎక్కడ బిల్డ్ చేయాలి, ఏ రిజిస్ట్రీలో పెట్టాలి అన్నదానికి నెట్‌లో సలహాలకు కొదవ లేదు. కాకపోతే వాటిని రాసేవాళ్లలో చాలామందికి అప్‌లోడ్ స్పీడ్ ఒక సమస్యే కాదు. మనకి అదే మొదటి సమస్య.

ఒక సాయంత్రం పలాసలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన ఫోన్ చేశారు. "బావూ, బిల్లు కొట్టడం అవ్వట్లేదు, ఏటయింది?" తప్పు మా కోడ్‌లోనే ఉంది. పది నిమిషాల్లో సరిచేశాం. కానీ ఇమేజ్ డిస్క్ మీద 1.4 జీబీ. పుష్ చేసేటప్పుడు, అంటే రిజిస్ట్రీకి ఎక్కించేటప్పుడు, కుదించుకుపోయినా 600 ఎంబీ. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, దాంతో రౌటర్ కూడా. ఫోన్ హాట్‌స్పాట్‌లో అప్‌లోడ్ 4 ఎంబీపీఎస్ వస్తోంది. 600 ఎంబీకి తక్కువలో తక్కువ 20 నిమిషాలు. మధ్యలో సిగ్నల్ తెగింది. మా కుర్రాడు తల పట్టుకున్నాడు. "అన్నా, ఆ పెద్ద లేయర్ మళ్లీ మొదటి నుంచి ఎక్కుతోందన్నా." పుష్ సంగతి అంతే. ఇమేజ్ లేయర్లుగా, అంటే పొరలుగా వెళ్తుంది. పూర్తిగా ఎక్కిన లేయర్‌ని మళ్లీ పంపదు గానీ, సగంలో తెగిన లేయర్‌ని మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. రెండు లైన్ల కోడ్ మార్పు పలాస చేరడానికి గంటకు పైనే పట్టింది.

ఆ రాత్రి నుంచి ఏ ఆప్షన్ చూసినా ముందు ఒకటే అడుగుతున్నాను: ఇందులో ఎన్ని ఎంబీలు మా ఆఫీసు వైరు మీదుగా వెళ్లాలి?

తొందరలో ఉన్నవాళ్లకు మా జవాబు ముందే చెప్పేస్తాను. బిల్డ్ గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ వాళ్ల మెషిన్ మీద), నిల్వ గిట్‌హబ్ కంటైనర్ రిజిస్ట్రీలో, బ్యాకెండ్‌కి అడుగున డిస్ట్రోలెస్ అనే చిన్న బేస్ ఇమేజ్, ట్యాగ్‌గా (ఇమేజ్‌కి తగిలించే పేరు) వెర్షన్ నంబర్‌తో పాటు కమిట్ నంబర్ (గిట్‌లో ఒక్కో కోడ్ మార్పుకి ఉండే గుర్తు). మీ పరిస్థితి వేరైతే ఈ జవాబు కూడా మారుతుంది, కాబట్టి కారణాలు కూడా చూడండి.

బిల్డ్: ల్యాప్‌టాప్, సర్వర్, సీఐ

ల్యాప్‌టాప్‌లో బిల్డ్ చేయడం అందరూ మొదటిరోజు చేసే పనే. ఖర్చు లేదు, క్యాష్ (ముందు బిల్డ్‌లో తయారైన భాగాల నిల్వ) అంతా అక్కడే ఉంటుంది కాబట్టి రెండోసారి నుంచి వేగంగా అయిపోతుంది. అప్‌లోడ్ బాధ ఎలాగూ ఉంది. అది కాక ఇంకో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆపిల్ ఎమ్ సిరీస్ మ్యాక్‌ల ప్రాసెసర్ ఏఆర్‌ఎం64. మన సర్వర్లు చాలావరకు ఏఎండీ64, అంటే ఇంటెల్, ఏఎండీ చిప్‌ల రకం. మ్యాక్‌లో మామూలుగా బిల్డ్ చేసి పంపితే సర్వర్ మీద కంటైనర్ పైకి లేవదు, లాగ్‌లో 'ఎక్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అని ఒక్క లైను మిగులుతుంది. డాకర్ (కంటైనర్లు తయారుచేసి నడిపే టూల్) వాళ్ల బిల్డ్‌ఎక్స్ కమాండ్‌కి ఏ ప్రాసెసర్ కోసమో చెప్పి బిల్డ్ చేయించవచ్చు. కానీ అప్పుడు ఎమ్యులేషన్ (ఒక ప్రాసెసర్ మీద ఇంకోదాన్ని అనుకరించడం) మీద నడుస్తుంది, నోడ్ (జావాస్క్రిప్ట్) బిల్డ్ అయితే టీ తాగి రావచ్చు. గో భాషలో రాసిన బ్యాకెండ్‌కి ఈ బాధ తప్పించుకోవచ్చు. కంపైల్ చేసే స్టేజ్‌ని సొంత ప్రాసెసర్ మీదే నడిపి, టార్గెట్ మాత్రం ఏఎండీ64 అని చెబితే చాలు.

రెండో చిక్కు ఇంకా చెడ్డది. ల్యాప్‌టాప్‌లో కమిట్ చేయని ఫైలు ఏదో ఒకటి ఉంటుంది. అది ఇమేజ్‌లోకి దూరుతుంది. ఆర్నెల్ల తర్వాత ఆ ఇమేజ్‌ని మళ్లీ అలాగే తయారుచేయమంటే ఎవరి వల్లా కాదు. డాకర్‌ఇగ్నోర్ ఫైలు (ఇమేజ్‌లోకి ఏవి రాకూడదో చెప్పే జాబితా) రాయనివాళ్లయితే పాస్‌వర్డులున్న ఎన్వ్ ఫైలు కూడా లోపలికి పోతుంది. మాకు అలా ఒకసారి పోయింది. పాస్‌వర్డులన్నీ మార్చుకుని, ఆ ఇమేజ్‌ని తీసేశాం.

సర్వర్ మీదే బిల్డ్ చేయడం రెండో దారి. కూలిఫై, డాక్‌ప్లాయ్ లాంటి కన్సోల్‌లలో గిట్ లింకు ఇస్తే అవే కోడ్ తెచ్చుకుని బిల్డ్ చేసి నడిపేస్తాయి. మన వైరు మీదుగా వెళ్లేది కోడ్ మార్పు ఒక్కటే, కొన్ని కేబీలు. ఆ కోణంలో చూస్తే ఇంతకన్నా చవకైన దారి లేదు. ఒకే సర్వర్, ఒకే అప్లికేషన్ ఉన్నవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా ఇలాగే మొదలుపెట్టొచ్చు. రిజిస్ట్రీ గొడవే ఉండదు.

మాకు ఎందుకు సరిపడలేదంటే, కస్టమర్ల సర్వర్లు 1 జీబీ, 2 జీబీ మెమరీవి. ఫ్రంటెండ్ బిల్డ్ మొదలుకాగానే మెమరీ నిండిపోయి లైనక్స్ కర్నెల్ ఆ ప్రాసెస్‌ని చంపేస్తుంది. ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తే ఎక్కువసార్లు కారణం ఇదే. బిల్డ్ చావకపోయినా అది నడుస్తున్నంతసేపూ అదే సర్వర్ మీద ఉన్న బిల్లింగ్ పాకుతూ ఉంటుంది. పైగా ఎనిమిది సర్వర్లుంటే ఎనిమిది బిల్డ్‌లు. ఒకదానిలో లైబ్రరీ కొత్త వెర్షన్ దిగి, ఇంకోదానిలో దిగకపోతే, ఎనిమిది చోట్లా ఒకటే నడుస్తోందని గుండెమీద చెయ్యేసి చెప్పలేం.

మూడోది సీఐ, అంటే బయట ఎవరి మెషిన్ మీదో బిల్డ్. కోడ్ పుష్ చేస్తే అక్కడే బిల్డ్ అయి, అక్కణ్ణుంచే రిజిస్ట్రీకి వెళ్తుంది. 600 ఎంబీ డేటా సెంటర్ల మధ్య తిరిగితే మనకేం బాధ? నేను ఫోన్ హాట్‌స్పాట్ మీద చీపురుపల్లి స్టేషన్‌లో కూర్చుని కూడా రిలీజ్ ఇవ్వగలను. ఇచ్చాను కూడా.

ఖర్చు లెక్క ఇదీ. గిట్‌హబ్ ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ రెపోలకు (కోడ్ నిల్వలకు) నెలకు 2,000 నిమిషాలు, గిట్‌ల్యాబ్ ఉచిత ప్లాన్‌లో 400 నిమిషాలు. మా బిల్డ్ ఒక్కోటి 6 నిమిషాలు, రోజుకు నాలుగు, నెలకు 22 పనిరోజులు అనుకుంటే 528 నిమిషాలు. గిట్‌హబ్‌లో హాయిగా సరిపోతుంది, గిట్‌ల్యాబ్‌లో పదిహేడో పనిరోజుకే అయిపోతుంది. అయితే గిట్‌ల్యాబ్‌కి సొంత రన్నర్ (బిల్డ్ నడిపే మన మెషిన్) తగిలిస్తే ఆ నిమిషాలు లెక్కలోకి రావు. ఆఫీసులో ఖాళీగా ఉన్న మెషిన్‌ని రన్నర్‌గా పెడదామనిపిస్తుంది గానీ, అప్పుడు 600 ఎంబీ మళ్లీ మన వైరు మీదకే వస్తుంది. రన్నర్ పెట్టదలిస్తే క్లౌడ్‌లోనే పెట్టండి.

సీఐలో ఒకటే చిరాకు: ప్రతి బిల్డ్‌కీ కొత్త మెషిన్, క్యాష్ ఖాళీ. బిల్డ్‌ఎక్స్‌కి క్యాష్ ఎక్కడ దాచుకోవాలో చెప్పకపోతే 6 నిమిషాల బిల్డ్ 15 అవుతుంది. డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే ఫైలు) వరస కూడా చూసుకోవాలి. ముందు లాక్ ఫైలు (ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసి ఉండే జాబితా) కాపీ చేసి లైబ్రరీలు దించి, ఆ తర్వాతే మిగతా కోడ్ కాపీ చేయాలి. తిరగేస్తే ఒక్క అక్షరం మారినా లైబ్రరీలన్నీ మళ్లీ దిగుతాయి.

ఏ టూల్‌తో

దీనిమీద ఎక్కువసేపు కూర్చోకండి. డాకర్ 23 నుంచి లైనక్స్‌లో మామూలు బిల్డ్ కమాండ్ వెనకే బిల్డ్‌కిట్ అనే బిల్డ్ ఇంజన్ ఉంది, అది చాలు. రూట్ హక్కులతో (సర్వర్ మీద సర్వాధికారంతో) వెనకాల ఎప్పుడూ నడిచే డీమన్ వద్దనుకునే ఆఫీసులకు పాడ్‌మన్, బిల్డా బాగుంటాయి, అదే డాకర్‌ఫైల్ చదువుతాయి. కనికో అనే బిల్డ్ టూల్ గురించి పాత వ్యాసాలు చాలా కనిపిస్తాయి. గూగుల్ ఆ ప్రాజెక్టును 2025లో ఆర్కైవ్ చేసింది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అటు పోనక్కర్లేదు. డాకర్‌ఫైల్ రాయడమే ఇష్టం లేనివాళ్లకు కోడ్ చూసి తామే ఇమేజ్ కట్టే బిల్డ్‌ప్యాక్స్ ఉన్నాయి. ఇమేజ్‌లో ఏమేం చేరాయో నాకు కనిపించకపోతే నిద్రపట్టదు కాబట్టి నేను వాడను.

బేస్ ఇమేజ్: పప్పు పంపాలా, పిక్క పంపాలా

పలాసలో జీడిపిక్కల్ని కాల్చి, కొట్టి, పొట్టు తీసి, పప్పు మాత్రమే డబ్బాల్లో ఊళ్లకి పంపుతారు. మల్టీ స్టేజ్ బిల్డ్ కూడా అంతే. కంపైలర్లు, నోడ్ మాడ్యూల్స్ అన్నీ మొదటి స్టేజ్‌లోనే ఉండిపోతాయి. చివరి ఇమేజ్‌లోకి తయారైన బైనరీ, తయారైన వెబ్ ఫైళ్లు మాత్రమే వస్తాయి. ఈ సౌకర్యం 2017లో డాకర్ 17.05తో వచ్చింది. అయినా మేము ఆ 1.4 జీబీ ఇమేజ్ దాకా వాడలేదు. ఎందుకు వాడలేదని అడగకండి, పని నడుస్తోంది కదా అని వదిలేశాం.

ఆ 'పప్పు'ని ఏ డబ్బాలో పెట్టాలన్నదే బేస్ ఇమేజ్ ప్రశ్న. డెబియన్ స్లిమ్ సుమారు 75 ఎంబీ ఉంటుంది. అన్నీ దొరుకుతాయి, ఏదీ మొరాయించదు. ఆల్పైన్ సుమారు 8 ఎంబీ. కానీ అందులో ఉండేది మామూలు లైనక్స్‌లలో ఉండే జీలిబ్‌సీ కాదు, మజిల్ అనే వేరే సీ లైబ్రరీ. పైథాన్ ప్యాకేజీల్లో కొన్నిటికి మజిల్ కోసం కట్టిన రెడీమేడ్ ఫైల్ ఉండదు, అప్పుడు ఇమేజ్ బిల్డ్ మధ్యలో సీ కంపైలర్ కావాలంటుంది. సైజులో మిగిలింది టైములో పోతుంది. కస్టమర్ అప్లికేషన్ పైథాన్‌లో ఉంటే స్లిమ్ తీసుకోమనే నా సలహా.

గో బ్యాకెండ్‌కి ఇంకా చిన్నవి ఉన్నాయి. స్క్రాచ్ అంటే పూర్తిగా ఖాళీ ఇమేజ్. డిస్ట్రోలెస్ స్టాటిక్ సుమారు 2 ఎంబీ. మేము మొదట స్క్రాచ్ వాడాం. రెండు రోజులకే 'అన్‌నోన్ టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా' అని షెడ్యూలర్ ఆగిపోయింది. స్క్రాచ్‌లో టైమ్‌జోన్ డేటా ఉండదు, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లూ ఉండవు. డిస్ట్రోలెస్‌లో రెండూ ఉంటాయి. ఆ 2 ఎంబీ కోసం లెక్కలు చూసుకోవడం అనవసరం. డిస్ట్రోలెస్‌లో షెల్ (కమాండ్లు తీసుకుని నడిపేది) ఉండదు కాబట్టి కన్సోల్‌లో 'టెర్మినల్' బటన్ నొక్కితే ఏమీ తెరుచుకోదు. మొదట్లో అది చూసి కన్సోల్ పాడైందని టెన్షన్ పడతారు. లోపలికి వెళ్లి చూడక తప్పదనుకుంటే డీబగ్ ట్యాగ్ ఉన్న డిస్ట్రోలెస్ వాడండి, అందులో బిజీబాక్స్ అనే చిన్న షెల్ ఉంటుంది.

తెలుగు పీడీఎఫ్ సంగతి ఏ ఇంగ్లీషు గైడ్‌లోనూ కనపడదు. చిన్న బేస్ ఇమేజ్‌లలో తెలుగు ఫాంట్లు ఉండవు. కాలేజీ ఫీజు రసీదు, కన్సోల్ రిపోర్టు, ఏదైనా సర్వర్ మీద పీడీఎఫ్‌గా తయారైతే అక్షరాల స్థానంలో డబ్బాలు వస్తాయి. మన ల్యాప్‌టాప్‌లో ఫాంట్ ఉంటుంది కాబట్టి టెస్టింగ్‌లో బయటపడదు. పీడీఎఫ్ తయారుచేసే ఇమేజ్‌ని స్లిమ్ మీద కట్టి, అందులోనే నోటో తెలుగు ఫాంట్ వేయండి.

కన్సోల్ ఫ్రంటెండ్‌కి సంబంధించి ఒక ఎంపికను మాత్రం మొదటిరోజే తేల్చుకోవాలి. రియాక్ట్, వీట్ లాంటివాటిలో ఏపీఐ అడ్రస్ (ఫ్రంటెండ్ పిలవాల్సిన బ్యాకెండ్ అడ్రస్) బిల్డ్ చేసే సమయంలోనే జావాస్క్రిప్ట్‌లో అతుక్కుపోతుంది. అలా వదిలేస్తే శ్రీకాకుళం కస్టమర్‌కి ఒక ఇమేజ్, విజయనగరం కస్టమర్‌కి ఒక ఇమేజ్ బిల్డ్ చేసుకుంటూ కూర్చోవాలి. దానికి బదులు, కంటైనర్ మొదలయ్యేటప్పుడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి అడ్రస్ తీసుకునేలా చేయండి. ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ అధికారిక ఇమేజ్‌లో టెంప్లేట్ ఫైళ్లను అలా నింపే ఏర్పాటు 1.19 నుంచి ఉంది. ఫ్రంటెండ్, బ్యాకెండ్ రెండూ ఒకే డొమైన్ కింద నడిస్తే ఆ అవసరం కూడా రాదు, ఏపీఐని రిలేటివ్ పాత్‌తో పిలిస్తే సరిపోతుంది.

రిజిస్ట్రీ

ఇక్కడ ఇమేజ్‌ని పంపేవాళ్లకన్నా లాగేవాళ్ల గురించి ఎక్కువ ఆలోచించాలి. పంపేది ఒకసారి, లాగేది ప్రతి సర్వర్.

డాకర్ హబ్ అందరికీ తెలిసిందే. పబ్లిక్ ఇమేజ్‌కి బాగుంటుంది. ఉచిత ఖాతాలో ప్రైవేట్ రెపో ఒక్కటే ఇస్తారు. మాకు కన్సోల్‌కే ఫ్రంటెండ్, బ్యాకెండ్, ఏజెంట్ (కస్టమర్ సర్వర్ మీద ఉండి కన్సోల్ చెప్పింది చేసేది) అని మూడు ఇమేజ్‌లున్నాయి, అక్కడే ఆగిపోయాం. లాగిన్ లేకుండా లాగితే ఒక్కో ఐపీ అడ్రస్‌కి 6 గంటల్లో 100 పుల్స్, ఉచిత ఖాతాతో లాగిన్ అయితే 200. ఒక్క సర్వర్‌కి ఇది ఎక్కువే. కానీ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో 60 సిస్టమ్‌లు ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉండి, ఒక్కోటి రెండు ఇమేజ్‌లు లాగితే 120. క్లాసు సగంలో ఆగిపోతుంది. మొబైల్ నెట్‌లోనైతే అదే ఐపీ మనకు తెలియని వందలమందితో పంచుకున్నది కావచ్చు. కన్సోల్‌లో రిజిస్ట్రీ లాగిన్ నింపడం మరిచిపోకండి. సొంత ఇమేజ్ వేరేచోట ఉన్నా, పక్కన నడిచే పోస్ట్‌గ్రెస్, రెడిస్ లాంటి డేటాబేస్‌లు వచ్చేది చాలావరకు హబ్ నుంచే.

గిట్‌హబ్ కంటైనర్ రిజిస్ట్రీ మేము ఎంచుకున్నది. యాక్షన్స్‌లో దానంతట అదే దొరికే టోకెన్‌కి ప్యాకేజీలు రాసే అనుమతి ఇస్తే చాలు, వేరే పాస్‌వర్డ్ ఎక్కడా దాచక్కర్లేదు. కన్సోల్ వైపు మాత్రం ఒక పర్సనల్ యాక్సెస్ టోకెన్ కావాలి, అదీ క్లాసిక్ రకం, ప్యాకేజీలు చదివే అనుమతితో మాత్రమే. ఆ టోకెన్‌కి మామూలుగా గడువు తేదీ ఉంటుంది. క్యాలెండర్‌లో రాసుకోకపోతే ఏదో శనివారం సాయంత్రం డిప్లాయ్ ఆగాక గుర్తొస్తుంది.

కస్టమర్ల సర్వర్లన్నీ అమెజాన్‌లో ఉంటే అమెజాన్ సొంత రిజిస్ట్రీ ఈసీఆర్ మంచిది. ముంబైతో పాటు 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది. సర్వర్ ఉన్న రీజియన్‌లోనే రిజిస్ట్రీ పెడితే లాగడానికి డేటా ఛార్జీ పడదు. చిక్కల్లా లాగిన్ టోకెన్‌తోనే. అది 12 గంటలే పనిచేస్తుంది. కన్సోల్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టె ఒకటే ఉంటే పొద్దున పెట్టింది రాత్రికి చెల్లదు. మీ కన్సోల్ ఈసీఆర్‌ని ప్రత్యేకంగా గుర్తించి టోకెన్ తనే మార్చుకుంటుందో లేదో చూసుకున్నాకే అటు వెళ్లండి.

సొంత రిజిస్ట్రీ అనగానే చాలామందికి ఉత్సాహం వస్తుంది. సాదా రిజిస్ట్రీ ఒక్క కంటైనర్, 5000 పోర్ట్, అరగంట పని. హార్బర్ అనే పెద్ద రిజిస్ట్రీ సాఫ్ట్‌వేర్ అయితే కనీసం 2 సీపీయూ, 4 జీబీ మెమరీ, 40 జీబీ డిస్క్ అడుగుతుంది. బదులుగా యూజర్లు, స్కానింగ్, పాత ట్యాగ్‌లను తీసేసే నియమాలు, హబ్‌కి ప్రాక్సీ క్యాష్ అన్నీ ఇస్తుంది. పైన చెప్పిన కాలేజీ ల్యాబ్‌కి ఆ ప్రాక్సీ క్యాష్ సరిగ్గా సరిపోయే మందు. బయటి నుంచి ఒకసారి లాగితే మిగతా 59 సిస్టమ్‌లకు లోపలి నెట్‌వర్క్‌లోనే దొరుకుతుంది.

కానీ కస్టమర్ల సర్వర్లు ఆధారపడే రిజిస్ట్రీని మాత్రం శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఆఫీసు గదిలో పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాన్లు వచ్చాయి. ఉద్దానంలో కరెంటు ఎన్ని రోజులకు వచ్చిందో అక్కడివాళ్లని అడగండి. రిజిస్ట్రీ ఆగినంత మాత్రాన నడుస్తున్న కంటైనర్లు ఆగవు. కానీ కొత్త సర్వర్ ఎక్కించలేం. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్దామన్నా, ఆ ఇమేజ్ సర్వర్ మీద మిగిలి లేకపోతే కుదరదు. కన్సోల్ పక్కాగా అక్కరకు రావలసిన రోజది.

రిజిస్ట్రీయే లేని దారి కూడా ఒకటుంది, దాన్ని తక్కువగా చూడకండి. డాకర్ సేవ్‌తో ఇమేజ్‌ని ఒక టార్ ఫైలుగా చేసి, పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అక్కడ లోడ్ చేయడం. నెట్ అంతంతమాత్రంగా ఉండే ఒక జీడి ఫ్యాక్టరీకి మేము ఇప్పటికీ అలాగే చేస్తున్నాం. ఆ 1.4 జీబీ ఇమేజ్ ఇప్పుడు 90 ఎంబీకి దిగింది కాబట్టి అవసరమైతే ఫోన్‌లో కూడా పంపొచ్చు.

ట్యాగ్

'లేటెస్ట్' ట్యాగ్‌తో మాత్రమే పంపేవాళ్లకు కన్సోల్‌లో రోల్‌బ్యాక్ బటన్ ఉన్నా లేనట్టే. నిన్నటి లేటెస్ట్ మీద ఇవాళ్టి లేటెస్ట్ కూర్చున్నాక వెనక్కి వెళ్లడానికి పేరే లేదు. పైగా సర్వర్ మీద అప్పటికే 'లేటెస్ట్' పేరుతో పాత ఇమేజ్ ఉంటే, మళ్లీ లాగమని గట్టిగా చెప్పకపోతే డాకర్ దాన్నే నడుపుతుంది. బటన్ నొక్కాం, పచ్చగా వెలిగింది, మారిందేమీ లేదు.

వెర్షన్ నంబర్లా, కమిట్ నంబర్లా అంటే, మేము రెండూ వేస్తాం. కస్టమర్‌తో ఫోన్‌లో మాట్లాడటానికి 2.3.1 కావాలి, మాకు ఏ కోడో తెలియడానికి కమిట్ నంబర్ కావాలి. ఇంకా ఖచ్చితంగా ఉండాలంటే డైజెస్ట్, అంటే ఇమేజ్ సమాచారం మీద లెక్కగట్టిన షా256 విలువ. ట్యాగ్‌ని ఎవరైనా వేరే ఇమేజ్ మీదకు జరపవచ్చు, డైజెస్ట్‌ని జరపలేరు. మా కన్సోల్ తెర మీద ట్యాగ్ చూపించి, లోపల డైజెస్ట్‌నే గుర్తుపెట్టుకుంటుంది.

మా సీఐలో పుష్‌కి ముందు ట్రివీ అనే టూల్‌తో భద్రతా లోపాల స్కాన్ ఒకటి నడుస్తుంది. తీవ్రమైన లోపం కనిపిస్తే ఇమేజ్ బయటకి పోదు. కన్సోల్ ఏజెంట్ ఇమేజ్‌కి ఈ విషయంలో మినహాయింపులు ఇవ్వం, ఎందుకంటే దానికి డాకర్ సాకెట్ (డాకర్‌కి ఆదేశాలిచ్చే దారి) అందుబాటులో ఉంటుంది, సాకెట్ చేతిలో ఉంటే ఆ సర్వర్ మీద రూట్ అయినట్టే. ప్రతి నెలా మొదటి సోమవారం రిజిస్ట్రీలో పాత ట్యాగ్‌లు తీసేస్తాం. ఒక్కో కస్టమర్ దగ్గర నడుస్తున్న వెర్షన్, దాని ముందు రెండు మాత్రం ముట్టుకోం. పలాస ఆయన ఇంకా 2.1 మీదే ఉన్నారు. జీడి సీజన్ అయ్యేదాకా మార్చొద్దని ఆయన మాట.